నిన్నటి అన్నం

గిద్దలూరు,
14-6-1936

తమ్ముడు వరప్రసాదానికి మీ అక్క రాహేలు రాసేది. నేను బతికే ఉన్నాను. నీ కూతురు లీదియా నాకంటే బాగానే బతుకుతా ఉంది. మా క్షేమం అంతే. ఇక నీ క్షేమం సంగతి మాట్లాడుకుందాం.

నీ ఉత్తరం అందింది. మూడు పేజీలు. మొదటి పేజీ నిండా బ్యాంకాకులో మీ కలప కంపెనీ దొర బంగళా, ఆ బంగళాలో తిరిగే కరెంటు ఫంకా. రెండో పేజీ నిండా నువ్వు ఆ బంగళాకు పెద్ద బట్లరువని, నీకు ఇత్తడి గుండీల తెల్లకోటు కుట్టించినారని. మూడో పేజీ అడుగున, ఎవరి కంటా పడదనుకున్నావో ఏమో, చీమ తలకాయంత అక్షరాలతో ఒక ముక్క: "పొద్దున్నే నిన్నటి అన్నం బాణలిలో వేయించుకొని తిని పనికి పోతాను." మింగ మెతుకు లేదుగానీ మీసాలకు సంపెంగ నూనె అని మన నాయన అంటుండేవాడు. ఎవరిని చూసి అన్నాడో అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలిసింది.

ఏందిరా నీ బతుకు? చద్దన్నం తినడానికి ఓడెక్కి సయాం దేశం పోవాల్నా? ఇక్కడ చద్ది తినేవాళ్లు ఊరి నిండా ఉన్నారు. వాళ్లు మజ్జిగ పోసుకొని, ఎర్రగడ్డ కొరుక్కొని, మర్యాదగా తింటారు. నువ్వు దాన్ని నూనెలో వేయించుకుంటున్నావంటే అది ఎంత పాచిపోయిందో నాకు తెలియదా? వాసన చంపడానికి తప్ప వండిన అన్నాన్ని మళ్లీ ఎవరైనా పొయ్యి మీద పెడతారా?

కడుపులో దాచుకోలేక శుక్రవారం స్త్రీల కూటంలో చెప్పినాను. రోశమ్మ లేచి నిలబడి, "ప్రభువా, పరదేశంలో పాచి అన్నం తింటున్న మా వరప్రసాదం మీద కనికరించు" అని కన్నీళ్లతో ప్రార్థన చేసింది. అందరూ తలా గుప్పెడు వేసి రెండు సేర్ల కొర్రలు పోగుచేసి నా చేతిలో పెట్టినారు. సయాముకు కొర్రలు ఎట్ల పంపను? మేమే తినినాము. నీ పేరు చెప్పుకొని ఇంతకాలానికి ఒక పూట కడుపు నిండింది.

అదే ఉత్తరంలో, వచ్చే మార్చికి లీదియాను పంపమని రాసినావు. రాయడానికి చెయ్యెట్ల వచ్చిందిరా? నాలుగేళ్ల పిల్లను నా ఒళ్లో పడేసి పోయినవాడివి పదమూడేళ్లలో ఒక్కసారి ముఖం చూపించలేదు. ఇప్పుడు పదిహేడేళ్ల పిల్లను నీ పాచి అన్నం కాడికి పంపాల్నా? నాకు మొగుడు లేడు, బిడ్డలు లేరు. రాచర్ల దాకా ఎండలో నడిచి నాలుగు గడపల్లో బైబిలు చదివి ఇంటికొస్తే, తలుపు తీసే మనిషి అదొక్కతే. నేను పంపను. ఇది ఖరారు.

ఇంతే సంగతి. ఆ తెల్లకోటు అమ్ముకొని ఇవాళ్టి బియ్యం కొనుక్కో.

మీ అక్క,
రాహేలు


బ్యాంకాకు,
19-7-1936

రాహేలక్కకు వరప్రసాదం రాసేది.

నీ ఉత్తరం చదివినాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. నిన్నటిదీ సయించలేదు, ఇవాళ్టిదీ సయించలేదు. నన్ను బిచ్చగాణ్ణి చేసి కూటంలో నిలబెట్టి, నా పేరు మీద కొర్రలు ఎత్తుకుంటివి గదా! ఆ రోశమ్మ ప్రార్థన దేవుడు వినకుండా ఉంటే బాగుండు, లేకపోతే నా ఉద్యోగం ఊడి నిజంగానే పాచి అన్నానికి వస్తాను.

అక్కా, నీకు గిద్దలూరు స్టేషను అవతల లోకం ఉందని తెలియదు. జొన్న సంగటి, గోంగూర, ఎండు మిరపకాయ, ఈ మూడింటి మధ్య పుట్టి ఆ మూడింటి మధ్యే పెద్దదానివైతివి. ఇది ఇక్కడ ఒక వంట. దిక్కులేక తినేది కాదు, కోరి తినేది. మా దొర కూడా ఆదివారం పొద్దున బల్ల కాడ కూర్చొని అదే అడుగుతాడు. కాలవ మీద పడవలో పొయ్యి పెట్టుకొని వండి అమ్మే ఒకామె నాకు నేర్పించింది. ఇక్కడ వీధులు తక్కువ, కాలవలు ఎక్కువ. అంగడి మన గుమ్మం ముందుకు తేలుకుంటూ వస్తుంది.

చేసే తీరు రాస్తున్నాను, కళ్లు తెరుచుకొని చదువు. రాత్రి అన్నం పొడిగా వార్చి, మూత పెట్టకుండా ఆరనియ్యాల. పొద్దునకు మెతుకు గట్టిపడుతుంది. గడ్డలుంటే వేళ్లతో విడదీయాల. ఇనుప బాణలి పొగ లేచేదాకా కాగనిచ్చి, నూనె పోసి, చితక్కొట్టిన తెల్లగడ్డలు ఎర్రగా వేగినాక గుడ్డు కొట్టి పోయాల. గుడ్డు సగం ముడుచుకోగానే అన్నం వేసి, ఆగకుండా ఎగరేస్తూ వేయించాల. చిటికెడు చక్కెర, రెండు పచ్చిమిరపకాయలు, దించే ముందు ఎర్రగడ్డ కాడలు. ఉప్పుకు బదులు ఇక్కడ చేపలను ఉప్పులో ఊరేసి తీసిన రసం వేస్తారు. మీకది దొరకదు. సంతలో ఉప్పు చేప తెచ్చి, వేడినీళ్లలో నానేసి, ఆ నీళ్లు గుడ్డలో వడగట్టి వాడు. పైన నిమ్మకాయ పిండుకోవాల, పక్కన పచ్చి దోసకాయ ముక్కలు. అంతే. మన వంటల్లో పడే మసాలాలు ఒక్కటీ పడవు.

ఇప్పుడు ఇంకో మాట. ఇది ఎగతాళి మాట కాదు. కరుణమ్మ ఎందుకు చచ్చిపోయిందో నీకు తెలుసు. బిడ్డను నీ దగ్గర పెట్టి, సయాముకు రాకముందు నేను పనిచేసిన రంగూనుకు నా వెంట వచ్చిన మనిషి, అక్కడి చేపల వాసన కడుపులో ఇమడక, ఏది తిన్నా కక్కుకొని, ఎనిమిది నెలల్లో ఎముకల గూడైపోయింది. నేను వంటవాణ్ణయి ఉండి నా భార్యకు తినేదొకటి వండి పెట్టలేకపోతిని. ఊరికి రాకపోవడానికి కారణం అదే. కరుణమ్మ లేకుండా ఏ మొహం పెట్టుకొని నీ గడప తొక్కేది?

అందుకే ఈ షరతు. ఈ అన్నం వండి లీదియాకు పెట్టు. ఆ చేప వాసన ఆ పిల్లకు ఇమిడితే, మార్చిలో పంపించు. కనిగిరి ప్రకాశరావు కాంపౌండరు పనికి భార్యతో సహా పినాంగు వస్తున్నాడు, వాళ్లతో వస్తుంది. నేను పినాంగు రేవుకొచ్చి రైలులో తీసుకొస్తాను. ఇక్కడ ఆసుపత్రిలో నర్సు చదువు చెప్తారు, మాట్లాడి పెట్టినాను. తూర్పు కిటికీ ఉన్న గది ఒకటి పిల్ల కోసం బాడుగకు తీసుకున్నాను. ఇమడకపోతే మాత్రం వద్దు. ఇంకొకరిని తెచ్చి చంపుకోను.

నీ తమ్ముడు, కోటు అమ్ముకోనివాడు,
వరప్రసాదం


గిద్దలూరు,
30-8-1936

బట్లరు దొరవారికి,

వానలు లేవు. గొర్రెలకు గాలికుంటు వచ్చి ఊరంతా కుంటుతా ఉంది. ఇంత కరువులో నీ వంట కూడా వచ్చి పడింది.

చేసినాను. నీ మాట మీద గౌరవంతో కాదు. ప్రకాశరావు కనిగిరి నుంచి పినాంగు ప్రయాణం సంగతి మాట్లాడేదానికి వచ్చి మన ఇంట్లో దిగినాడు. సరే, సయాములోని తిండి సంగతి ఆయన కూడా చూసిపోతాడని అదే వండినాను. ఇనుప బాణలి నాకెక్కడిది? బొరుగులు వేయించే వీరమ్మను బతిమాలి తెచ్చినాను. "బైబిలమ్మ బొరుగుల వ్యాపారం పెడుతుందంట" అని ఆమె ఊరంతా చాటింది.

నంద్యాల బియ్యం కొని, వేడివేడిగా వండి, పొగలు పోకముందే బాణలిలో వేసినాను. లీదియా పక్కనే నిలబడి, "అత్తా, నాయన నిన్నటి అన్నమని రాసినాడు గదా" అంది. "మీ నాయన రాసింది దేవుడి వాక్యమా? ఇంటికొచ్చిన మనిషికి చద్దన్నం పెట్టిన ఇల్లు ఈ తాలూకాలో ఒకటి చూపించు, నేను వాళ్ల కాళ్లు కడుగుతాను" అన్నాను.

ఏమైంది? అన్నం బాణలికి అతుక్కుంది. గరిటె దాంట్లో నిలబడింది. ఎగరేయమంటివి గదా, ఎగరేస్తే ముద్దకు ముద్దే లేచి మళ్లీ ముద్దకు ముద్దే పడింది. ఆ ఉప్పు చేప నీళ్ల వాసనకు వీధిలో పిల్లులన్నీ గడప కాడ కూటం పెట్టినాయి. ప్రకాశరావు మర్యాదస్థుడు. ఆకు ముందు కూర్చొని, రెండు ముద్దలు తిని, "అమ్మా, ఇది పొంగలా?" అని అడిగినాడు. లీదియా నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పరిగెత్తింది. నాకు తల తీసేసినట్టయింది. ఆయనకు మళ్లీ జొన్న రొట్టె కాల్చి, పచ్చిమిరపకాయ తొక్కు పెట్టి పంపించినాను. ఆ రొట్టెలు నాలుగు తినినాడు.

ఇదా మీ దొర బల్ల కాడ కూర్చొని అడిగేది? అట్లయితే ఆ దొరకు పళ్లు లేవు.

ఇంకొకటి. పడవలో ఒకామె నేర్పించిందని రాసినావు. ఎవరామె? పేరు లేదు, వయసు లేదు. నీ గుమ్మం ముందుకే తేలుకుంటూ వస్తుందంటనే! తెల్లగడ్డలు ఎట్ల చితక్కొట్టాల్నో మొగవాడికి అంత వివరంగా తెలిసిందంటే ఆ కత్తిపీట కాడ ఎవరో ఉన్నారు. ఇంట్లో సవతి తల్లిని పెట్టుకొని పిల్లను రమ్మంటివా? దాచబాక, ఉన్నది రాయి.

మీ అక్క,
రాహేలు


బ్యాంకాకు,
4-10-1936

అక్కా,

ఆడలేక మద్దెల ఓడన్నదంట ఒకామె. ఆమె ఇల్లు గిద్దలూరులోనే అని నాకు ఇప్పుడు తెలిసింది.

వేడి అన్నం ఎవరు వేయమన్నారు నిన్ను? మొదటి మాటే రాత్రి అన్నం అని రాస్తిని గదా! మూత పెట్టబాకమంటిని, ఆరనియ్యమంటిని. నువ్వు నా ఉత్తరం చదివినావా, లేక దాంతో పొయ్యి రాజేసినావా? పదేళ్ల నుంచి ఈ అన్నం వేయిస్తున్నాను, గరిటె నిలబడేంత ఘనంగా ఎవరూ చేసింది చూడలేదు. పైగా కనిగిరి మనిషికి పొంగలని పెడితివి. ఆయన పినాంగు వచ్చి అందరికీ చెప్తాడు, వరప్రసాదం పెద్ద బట్లరంట, వాళ్లింటి వంట ఇదంట అని. అతిథికి చద్దన్నం పెట్టకూడదన్న మర్యాదకు పోయి అతిథికి బంక పెట్టినావు.

పడవ ఆమె సంగతి అడిగినావు. ఆమెకు డెబ్బై ఏళ్లు. పళ్లు నల్లగా ఉంటాయి, వక్కాకు నమిలి నమిలి. నేను ఆమెను అవ్వా అంటాను, ఆమె నన్నేమంటుందో నాకింకా అర్థం కాలేదు. చాలునా? కరుణమ్మ పోయినాక నా ఇంట్లో ఆడమనిషి చెప్పు విప్పలేదు. స్త్రీల కూటంలో ఇది కూడా చెప్పు, రోశమ్మకు ప్రార్థన చేసేదానికి ఏమీ మిగలకుండా పోతుంది.

నా ఉత్తరాలు పిల్లకు మొత్తం చదివి వినిపిస్తున్నావా, నీకు నచ్చిన ముక్కలే వినిపిస్తున్నావా? తూర్పు కిటికీ సంగతి చెప్పినావా? ఆ గది గోడలకు మొన్న సున్నం కొట్టించినాను. మంచం చేయించినాను. పిల్ల ఎంత పొడుగుందో తెలియక వడ్లంగికి నా పొడుగే చెప్పినాను.

ఒక్కసారి, ఒక్కసారి సరిగ్గా చెయ్యి అక్కా. రాత్రి నాలుగు మెతుకులు మిగిలించు. అదేమంత కష్టం? పొద్దున్నే వేయించి పిల్లకు పెట్టి, ఏమయిందో రాయి. నువ్వేం రాస్తే అదే నమ్ముతాను. ప్రకాశరావుకు టికెట్టు సంగతి నీ జవాబు చూసినాకే రాస్తాను.

వరప్రసాదం


గిద్దలూరు,
9-11-1936

వరప్రసాదానికి,

నాలుగు మెతుకులు మిగిలించు, అదేమంత కష్టం అని రాసినావు. ఆ ముక్క చదివి నవ్వాల్నో ఏడవాల్నో తెలియలేదు. రాత్రి అన్నం మిగిలే ఇల్లా ఇది? మరిచిపోయినావా, దొరల తిండి తిని? వరి అన్నం ఈ ఇంట్లో ఆదివారానికి ఒక్క పూట. సోలెడు బియ్యం, రెండు నోళ్లు. మిగతా ఆరు రోజులూ జొన్నలే, కొర్రలే. చిన్నప్పుడు అన్నం కుండ అడుగు గీకేదానికి నువ్వూ నేనూ కొట్టుకుంటిమి, నా ముంజేతి మీద నీ పంటి గాటు ఇంకా ఉంది. అట్లాంటి ఇంట్లో అన్నం మిగిలించి, మరునాడు దాన్ని మళ్లీ నూనె పోసి వేయించుకొమ్మని చెప్పేంత గొప్పవాడివైతివి. నూనె ఏ చెట్టుకు కాస్తుందో కూడా రాయి.

అయినా చేసినాము. నిన్న ఆదివారం అన్నం ఆపి, ఈ పొద్దు నువ్వు చెప్పినట్టే, వేడిది కాకుండా చల్లదే వేయించినాము. చేప నీళ్లు పోసినాము. లీదియా తినింది. రెండు ముద్దలు తినగానే కక్కుకుంది. ఒళ్లు వేడిగా ఉంది. ఆ వాసన పిల్లకు ఇమడదు.

అడిగినావు గనుక రాసినాను.

రాహేలు


బ్యాంకాకు,
13-12-1936

అక్కా,

నీ ఉత్తరం చేరింది. జ్వరం తగ్గిందా? కషాయం పెట్టు. గంజి తప్ప ఏమీ పెట్టబాక, నాలుగు రోజులు. కరుణమ్మకు కూడా మొదట ఒళ్లు వేడెక్కింది. నేను అది ఊరు మారిన జ్వరమనుకొంటిని.

పిల్లను పంపబాక. ప్రకాశరావుకు రాసేసినాను, ఆయన పిల్ల కోసం కాచుకోనక్కరలేదని. ఆసుపత్రి వాళ్లకు కూడా చెప్పినాను. గది ఖాళీ చేసినాను. మంచం ఆ అవ్వకు ఇచ్చినాను, ఆమె పడవలోనే పడుకుంటుంది గనుక దాన్ని ఏం చేసుకుంటుందో తెలియదు.

నీ మీద నేను చాలా మాటలు విసిరినాను. తప్పే. నేను పెట్టిన పరీక్షతో పిల్లకు జబ్బు చేసింది. చేప వాసన పడని గుణం రక్తంలో వస్తుందని నాకు తెలిసి ఉండాల్సింది, తల్లికి పడనిది బిడ్డకెట్ల పడుతుంది? నేను ఇక ఆ అన్నం వండను. దొర అడిగితే వేరే వాడు వండుతాడు.

పిల్లకు చెప్పు, మీ నాయన ఇంకోసారి రమ్మని అడగడని. నీ దగ్గరే ఉండనీ. నీ దగ్గరుంటే బతుకుతుంది. నా దగ్గరున్నవాళ్లు బతకరు.

వరప్రసాదం


గిద్దలూరు,
17-1-1937

తమ్ముడా,

ఈ ఉత్తరం కూర్చొని ఒక్క గుక్కలో చదువు, మధ్యలో ఆపబాక.

నీ కూతురికి జ్వరం రాలేదు. కక్కుకోలేదు. నేను అబద్ధం రాసినాను. నలభై ఏళ్ల నుంచి గడప గడపకూ పోయి సత్యం చెప్పే నోటితో, అదే చేత్తో అబద్ధం రాసినాను.

జరిగింది ఇది. ఆ ఆదివారం లీదియా అన్నం తినలేదు. తన వంతు అన్నం ఆకులో పరిచి, పల్చటి గుడ్డ కప్పి, ఉట్టి మీద పెట్టింది. కడుపు మాడ్చుకొని పడుకుంది. "ఏందే ఈ వేషాలు?" అన్నాను. "నాయన చెప్పినట్టు ఒకసారి చేసి చూస్తాను అత్తా" అంది. తెల్లారగానే వీరమ్మ దగ్గరికి తనే పోయి బాణలి తెచ్చింది. మెతుకులు ఒక్కొక్కటి వేళ్లతో విడదీసింది. నేను గోడకు ఆనుకొని కూర్చొని ఎగతాళి చేస్తానే ఉన్నాను: సయాం రాణిగారు వంట చేస్తున్నారు, పిల్లులకు కబురు పంపండి అని. ఆ పిల్ల పట్టించుకోలేదు. బాణలి పొగ లేచేదాకా ఆగింది. తెల్లగడ్డలు, గుడ్డు, అన్నం, అన్నీ నువ్వు రాసిన వరుసలోనే. నీ ఉత్తరం ఆ పిల్లకు నోటికి వచ్చురా. నేను చదివిన ముక్కలే కాదు, చదవని ముక్కలు కూడా. నేను రాచర్ల పోయినప్పుడల్లా పెట్టెలోంచి తీసి చదువుకుంటుందంట.

అన్నం ఒక మెతుకుకు ఒకటి అంటకుండా వచ్చింది. నిమ్మకాయ పిండి, ముందు నాకు పెట్టింది. తినినాను. బాగుంది. చాలునా? ఇన్ని నెలలు తిట్టినాను గానీ చెడ్డగా లేదు, బాగుంది. తర్వాత అది తినింది. ఆకు తుడిచి, బాణలి అడుగు కూడా గీకి తినింది. తిన్నాక నా వైపు చూసి, "ఇమిడింది అత్తా, నాయనకు రాయి" అంది. ముఖమంతా వెలుగు. నేను లోపలికి పోయి, తలుపు వేసుకొని, కక్కుకుందని రాసినాను.

ఆ రాసేటప్పుడు నాకు కరుణమ్మ గుర్తుంది. ఆ మాట నిన్ను ఎక్కడ పొడుస్తుందో తెలిసే పొడిచినాను. ఎందుకంటే ఇంకే మాటకూ నువ్వు వెనక్కి తగ్గవని తెలుసు. చద్దన్నమని ఎగతాళి చేసినాను, పనికిరాలేదు. పడవ ఆమె అని నింద వేసినాను, పనికిరాలేదు. పిల్ల వెళ్లిపోతే ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఒక పొయ్యి ముందు కూర్చొని ఒక మనిషికి సంగటి కెలుక్కోవాల. నాకు భయమేసిందిరా. అంతే కారణం. ఇంకే గొప్ప కారణమూ లేదు.

మొన్న బుధవారం నేను ఊళ్లో లేనప్పుడు నీ ఉత్తరాన్ని పోస్టు మనిషి లీదియా చేతికిచ్చిపోయినాడు. సాయంత్రం నేను వచ్చేసరికి గడపలో కూర్చొని ఉంది, ఉత్తరం ఒళ్లో పెట్టుకొని. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు మాటకు మాట వచ్చేది, నా నోటి సంగతి నీకు తెలుసు. అది తిట్టలేదు. "నేనెప్పుడు కక్కుకున్నాను అత్తా?" అని అడిగింది. ఆ ఒక్క మాటే. లోపలికి పోయి నాకు నీళ్లు తెచ్చిచ్చింది, కాళ్లు కడుక్కోమని.

నిన్న నేనే అడిగినాను: "పోవాలని ఉందా?" అని. "నాయనను ఒక్కసారి కళ్లజూడాలని ఉంది. ఆ నర్సు చదువు కూడా చదవాలని ఉంది. నువ్వు వద్దంటే పోను" అంది. వద్దంటే నిజంగానే పోదు. అందుకే వద్దనలేకపోయినాను.

ఇప్పుడు నేను చెప్పినట్టు విను. నీ దగ్గరున్నవాళ్లు బతకరని ఇంకోసారి రాస్తే నేనే ఓడెక్కి వచ్చి నీ చెంప పగలగొడతాను. కరుణమ్మను నువ్వు చంపలేదు. ఆ గది మళ్లీ తీసుకో. అది దొరకకపోతే ఇంకొకటి చూడు, కిటికీ ఎటున్నా ఫరవాలేదు. మంచం అవ్వ దగ్గర్నుంచి అడిగి తెచ్చుకో, ఇచ్చింది అడగడానికి సిగ్గుపడబాక. పిల్ల నా భుజం మీదికి నాలుగు వేళ్లు వస్తుంది. నీ పొడుగు మంచం సరిపోతుంది.

ప్రకాశరావుకు నేను ఇవాళే తంతి ఇచ్చినాను. వాళ్ల ఓడ మార్చి మొదటి వారమంట. గుంతకల్లు మీదుగా మద్రాసు దాకా నేనే తీసుకుపోయి వాళ్లకు అప్పజెప్తాను. నేను ఈ పుట్టుకలో నంద్యాల దాటలేదు, సముద్రం ఎట్లుంటుందో ఆ రకంగానైనా చూస్తాను.

అక్కడ ఆ పిల్లను ఆదివారం వంట గదిలోకి పోనియ్యబాక, చదువుకోనీ. తలనొప్పి తరచుగా వస్తుంది, ఎండలో తిప్పబాక. ఉరుము అంటే భయం, పైకి చెప్పదు. కోపం వస్తే మాట్లాడదు, మాట్లాడకపోతే నువ్వు కూడా ఊరకుండు, నీళ్లు తెచ్చిచ్చిందంటే కోపం పోయినట్టు.

పినాంగు రేవులో నిన్ను అది గుర్తుపట్టదు. నువ్వూ దాన్ని గుర్తుపట్టలేవు. జనంలో నిలబడి లీదియా, లీదియా అని అరవబాక. అది బడి పుస్తకంలో పేరు, ఉత్తరాల్లో పేరు. ఎవరో ఎవరినో పిలుస్తున్నారనుకొని తిరిగి కూడా చూడదు. పుట్టినప్పట్నుంచి నేను దాన్ని బుజ్జమ్మా అని పిలుస్తాను. నేను తప్ప ఎవరూ అట్ల పిలవరు. బుజ్జమ్మా అని పిలువు, పలుకుతుంది.

మీ అక్క,
రాహేలు